పాట ఇస్తే చాలు

వెంకటరావమ్మ కోలల చప్పుడు ఆ ఊళ్ళో చిన్నపిల్లలు కూడా గుర్తుపడతారు. మిగతా ఆడవాళ్ళవి గుంటూరు బజార్లో కొన్న కోలలు. రంగులేసి, జరీ కాగితం చుట్టి, చూడ్డానికి పెళ్ళికూతుళ్ళలా ఉంటాయి గానీ కొడితే పొల్లు చప్పుడు. ఈమెవి నల్లతుమ్మ చేవ. ఎద్దులబండి మూలపడ్డాక దాని నొగ కోయించి, వడ్రంగి పక్కన కూర్చుని మరీ చెక్కించి తెచ్చాడు ఆమె మొగుడు యలమందయ్య. అంతకు ముందు రోజే "ఈ వయసులో నీకీ గెంతులేందే" అని ఇల్లెగిరిపోయేలా అరిచిన మనిషి. అరవడం అరవడమే, చేసేది చేయడమే. ఆయన తీరే అంత.

ఆ కోలలకు వెంకటరావమ్మ ఎప్పుడో అమ్మేసిన దూడ మెడపట్టెడలోంచి మువ్వలు విప్పి కట్టుకుంది. చివర్ల ఎర్ర ఊలు చుట్టింది. ఆముదం రాసి రాసి నల్లగా నిగనిగలాడేట్టు చేసింది. ఎవరైనా చేతిలోకి తీసుకుని చూస్తామంటే "చూడ్డానికి కళ్ళు చాలవా, చేతులెందుకు" అనేది. అలాగని ఇచ్చే గుణం లేని మనిషి కాదు. పక్కింటి పిల్ల పెళ్ళిచూపులకు మెళ్ళో గొలుసు తీసిచ్చి తను పసుపుతాడుతో తిరిగింది. కోలల దగ్గర మాత్రం మహా పిసినారి.

చిలకలూరిపేటకు కూతవేటు దూరంలో ఉంటుంది ఆ ఊరు. ఆ చుట్టుపక్కల ఏ ఊళ్ళో చూసినా ఇప్పుడు ఆడవాళ్ళ కోలాట బృందాలే. ఒకే రంగు చీరలు, తల్లో పూలు, ఫోన్లో పాట, బాక్సుల మోత. ఈ ఊరి బృందంలో మాత్రం ఫోను పాట ఉండేది కాదు. రెండు వరసలు గుండ్రంగా తిరుగుతుంటే నడిమధ్య వెంకటరావమ్మ నిలబడి కోలలు కొడుతూ తనే పాడేది. ఆమె కళ్ళెప్పుడూ ఆడేవాళ్ళ పాదాల మీదే. అడుగుల తీరు మారడాన్ని కోపు మారడం అంటారు. వరసలో అందరికంటే వెనకబడ్డ మనిషి కాలు సరైన చోట పడిందాకా ఆమె కోపు మార్చదు, పాట వేగం పెంచదు. పడిందా, ఇక చూసుకోండి, పాట పరుగే పరుగు. తప్పు వేసినదాన్ని మోచేతి మీద కోలతో ఒక్కటి అంటించేది. తిట్లకు కొదవలేదు. అయినా ఎవరూ అలిగి మానుకున్నది లేదు, ఎందుకంటే ఆమె మధ్యలో ఉంటే తప్పు పోదని అందరికీ ధైర్యం.

పాటలు కూడా చాలా వరకు ఆమె కట్టినవే. అక్షరం ముక్క రాదు గానీ మిరపకాయలు తొడిమ తీస్తూ, కళ్ళంలో ఎండబోసిన కాయల్ని కాలితో తిరగేస్తూ గొణుక్కునేది. అందులో కళ్ళం పాటంటే చుట్టుపక్కల అందరికీ ప్రాణం.

*మిరపకళ్ళం మీద ఎండ కాసింది,*
*సీతమ్మ పాదాలు ఎర్రబారాయి.*
*రామయ్య పైపంచె గొడుగు పట్టాడు,*
*మా చేనుగట్టంతా చల్లబడ్డాది.*

సీతారాముల పాట అనుకుని జనం దణ్ణాలు పెట్టేవాళ్ళు. సీతా లేదు, రాముడూ లేడు. ఓ ఏడు నడివేసంగిలో కళ్ళంలో ఆమెకు కళ్ళు తిరిగితే యలమందయ్య ఖాళీ గోతం ఆమె తల మీద పట్టుకుని, "చావబాక, కాయలింకా సగం తిరగెయ్యాల" అన్నాడు. ఆ గోతమే పాటలో పైపంచె అయింది. ఈ సంగతి ఆమెకూ ఆయనకూ తప్ప ఎవరికీ తెలియదు. ఆయనైతే పాట విన్నప్పుడల్లా మీసం దువ్వుకునేవాడు.

శ్రావణమాసంలో ఒక పొద్దున పత్తిచేలో సాళ్ళ మధ్య గుంటక తోలించడానికి వెళ్ళిన యలమందయ్య, గట్టు మీద కూర్చున్నవాడు కూర్చున్నట్టే పక్కకు ఒరిగిపోయాడు. ఆస్పత్రికి తీసుకెళ్ళే వ్యవధి కూడా లేదు. వెంకటరావమ్మ కొడుకు కోటేష్ పేటలో జిన్నింగు మిల్లులో పనిచేస్తాడు. వాడు మోటారుసైకిలు మీద వచ్చేసరికి ఇంటి ముందు బల్లలు వేసేశారు.

రోజులు మారాయి మరి. తెల్లచీర కట్టమని ఆమెను ఎవరూ అనలేదు. బొట్టు తీయనక్కర్లేదన్నారు, రెండేసి గాజులు ఉంచుకోమన్నారు. "పాతకాలం కాదు గదా" అని ఒకరికంటే ఒకరు పెద్దమనసు చాటుకున్నారు. కోలల మాట మాత్రం ఎవరూ ఎత్తలేదు. కర్మ రోజుల్లో వాటిని ఎవరో అటక మీదికి ఎక్కించేశారు. ఎవరు ఎక్కించారని అడిగితే అందరూ పక్కచూపులు చూశారు.

సుబ్బరావమ్మ ఒక్కతే నోరు విప్పింది. ఆమె బృందానికి పెద్ద, వెంకటరావమ్మకు వరసకు వదిన, ఇరవై ఏళ్ళ నుంచి పక్కపక్క చేల గట్ల మీద కలిసి అన్నం తిన్న మనిషి. "ఏడాది కానీ వదినా. మైల తీరిందాకా గుడి మెట్లు ఎక్కకూడదు గదా. ఏడాదెంత, కళ్ళు మూసి తెరిచేలోపు అయిపోద్ది" అంది. ఆ మాటను వెంకటరావమ్మ కొంగున ముడేసుకుంది. మొగుడు ఎలాగూ తిరిగి రాడు. ఆమెకు ఇక కావలసింది ఒక్కటే, ఆ రెండు వరసల మధ్య మళ్ళీ నిలబడటం. ఏడాది తర్వాత నిలబడతాను అనుకుంది. అనుకునే బతికింది.

సాయంత్రాలు రామాలయం ముందు వాళ్ళు సాధన చేస్తుంటే ఇంట్లో కూర్చుని వినేది. ఎవరి కోల ఆలస్యంగా పడుతుందో చప్పుణ్ణి బట్టే చెప్పగలదు. చెప్పడానికి ఎవరున్నారు. ఇంట్లో ఎవరూ లేనప్పుడు కోలలు అటక మీంచి దించి, తలుపు దగ్గరగా వేసి, మెల్లగా ఒకదానితో ఒకటి ఆనించి చూసుకునేది. ఒకరోజు కోటేష్ మధ్యాహ్నమే ఇంటికొచ్చి చూశాడు.

"నలుగురూ వింటే బాగుండదమ్మా. నాన్న పోయి ఎన్నాళ్ళయిందని?" అన్నాడు.

"మీ నాన్న చేయించినయ్యేగా రా ఇయ్యి."

"అందుకే చెప్తన్నా."

వాడు మంచివాడే. తల్లిని ఎవరైనా ఒక మాట అంటారేమోనని వాడి భయం. ఆ మాట ఎవరూ అనకముందే వాడే అన్నాడు, అదొక్కటే వాడి తప్పు. ఆమె కోలలు పాతచీరలో చుట్టి మళ్ళీ పైన పెట్టేసింది.

మిరపకోతలు ముమ్మరంగా ఉన్న రోజుల్లో పక్క మండలంలో తిరునాళ్ళ వచ్చింది. కోలాటానికి ఈ ఊరి బృందాన్ని పిలిచారు. వీళ్ళు ఫోన్లో ఏదో పాట పెట్టుకుని ఆడేద్దామనుకున్నారు గానీ, అక్కడి కమిటీవాళ్ళు కళ్ళం పాటే కావాలని పట్టుబట్టారట. తిరునాళ్ళకు ముందురోజు మధ్యాహ్నం సుబ్బరావమ్మ తన కోడలు లక్ష్మీదుర్గను వెంటబెట్టుకుని వచ్చింది. లక్ష్మీదుర్గ బృందంలో కొత్తగా చేరిన పిల్ల. చేతిలో ఫోను పట్టుకుని గుమ్మంలోనే నిలబడింది.

"వదినా, పాటొక్కటి పాడివ్వవే. ఫోన్లో పట్టుకుని రేపు అక్కడ బాక్సుల్లో పెట్టుకుంటాం" అంది సుబ్బరావమ్మ.

వెంకటరావమ్మకు ముందు అర్థం కాలేదు. "నేను ఇక్కడ పాడితే అక్కడ ఎట్టా ఆడతారు?"

"ఎట్టాగో ఆడతాంలే. ఈ ఒక్కసారికేగా. నువ్వు రావడానికి లేదు, పాటకైతే ఏ అడ్డం లేదు గదా. పాట ఇస్తే చాలు."

కాదంటే ఏమనుకుంటారో. ఏడాది తర్వాత పిలుస్తారో లేదో. అదీ ఆమె భయం. అడిగిన ప్రతిదానికీ తలూపడం మొగుడు పోయిన నాటి నుంచి అలవాటైపోయింది. నులక మంచం మీద కూర్చుని పాట ఎత్తుకుంది. మొదటిసారి వీధిలో కూరగాయల బండి మైకు అడ్డమొచ్చింది. రెండోసారి సాఫీగా సాగింది గానీ, గొడుగు పట్టాడు అన్న చోటుకు వచ్చేసరికి గోతం పట్టుకున్న మనిషి గుర్తొచ్చాడు. వాళ్ళ ముందు ఏడవడం ఇష్టం లేదు. ఏడుపు ముంచుకొచ్చేలోగా పాట ముగించేద్దామని గబగబా పాడేసింది. ఎదురుగా ఆడే పాదాలుంటే ఆగేది. ఉన్నది గోడ.

"అబ్బ, ఎంత బాగొచ్చిందో" అంది లక్ష్మీదుర్గ, ఫోను నొక్కుతూ. తర్వాత అత్త వైపు ఒకసారి చూసి, "పెద్దమ్మా, నావి కొత్తకోలలు. నిన్న చీలిపోయినయ్. నీవి ఒక్కరోజు..." అని ఆగిపోయింది.

చేతులెందుకు, కళ్ళు చాలవా అని నోటిదాకా వచ్చింది. వెంకటరావమ్మ లేచి, కోలలు దించి, చీర విప్పి ఇచ్చింది. ఆ పిల్ల వాటిని పట్టుకున్న తీరు చూస్తే అట్లకాడ పట్టుకున్నట్టుంది. "కొంచెం కిందికి పట్టుకో అమ్మాయ్" అని మాత్రం అంది.

మర్నాడు ఆమె ఇంట్లో ఉండలేకపోయింది. గుడి మెట్లు ఎక్కకూడదన్నారు గానీ రోడ్డు ఎక్కకూడదని ఎవరూ అనలేదు గదా. వాళ్ళంతా ట్రాక్టరులో వెళ్ళాక, తను మిరపకాయల కూలీలు తిరిగెళ్ళే ఆటో పట్టుకుని తిరునాళ్ళకు చేరింది. పొద్దు వాలుతోంది. గుడికి ఎడంగా, ఖర్జూరాలు, బొరుగులు అమ్మేవాళ్ళ పక్కన నిలబడింది. స్టేజీ మీద తనవాళ్ళు ఆకుపచ్చ చీరల్లో రెండు వరసలూ కట్టారు. లక్ష్మీదుర్గ చేతిలో నల్లకోలలు దూరానికే తెలుస్తున్నాయి.

బాక్సుల్లోంచి తన గొంతు వినపడగానే వెంకటరావమ్మకు ఒళ్ళు ఝల్లుమంది. అంత పెద్ద గొంతు తనదేనా అనిపించింది. జనం చప్పట్లు కొట్టారు. మొదటి చరణం దివ్యంగా నడిచింది. పక్కన బొరుగులమ్మి "ఎవరో గానీ బలే పాడతందమ్మా" అంది. ఈమె నవ్వుకుంది. దిగులులో కూడా ఆ నవ్వు వచ్చింది.

రెండో చరణంలో ఆమె అలవాటుగా ఆడేవాళ్ళ పాదాల వైపు చూసింది. వెనక వరస ఇంకా పాత కోపులోనే ఉంది. లక్ష్మీదుర్గ కాలు రెండడుగులు ఆలస్యం. ఇప్పుడు ఆగాలి. ఇప్పుడు పాట పట్టి ఆపాలి. ఆపాల్సిన గొంతు బాక్సుల్లో ఉంది, దానికి కళ్ళు లేవు. అది ఏడుపు దాచుకుంటూ పరిగెత్తుతోంది.

"నెమ్మదీ" అని అరిచింది వెంకటరావమ్మ. "దుర్గా, ఆగు, కోపు మార్చబాక."

ఆ అరుపు ఆమెకే వినపడలేదు. ఆమె గొంతు మీద ఆమె గొంతే పడి మింగేసింది. జనాన్ని తోసుకుంటూ బాక్సుల దగ్గరికి పోయింది. అక్కడ బాషా అని సౌండుసెట్టు కుర్రాడు కుర్చీలో కూర్చుని టీ తాగుతున్నాడు.

"ఆపు నాయనా. పాట ఆపు, లేకపోతే వాళ్ళు దెబ్బలు తగిలిచ్చుకుంటారు."

"మధ్యలో ఆపితే కమిటీవాళ్ళు నన్ను తిడతారమ్మా. ఇంతకీ మీరెవరు?"

"ఆ పాడేది నేనే."

వాడు ఆమెను ఎగాదిగా చూశాడు. ఎగతాళిగా ఏమీ కాదు, మామూలుగానే అన్నాడు. "పాడేది మీరైతే అక్కడుండాలి గదమ్మా."

ఇంతలోనే స్టేజీ మీద ఎవరి కోలో లక్ష్మీదుర్గ వేళ్ళకు తగిలింది. ఆ పిల్ల చెయ్యి విదిలించుకుంటూ వంగిపోయింది. వెనకొచ్చేది ఆమెను గుద్దుకుంది. వరసలు రెండూ కలిసిపోయి, ఎవరు ఎటు తిరగాలో తెలియక ఆడవాళ్ళు అట్లాగే నిలబడిపోయారు. కుర్రకారు ఈలలు వేశారు. పాట మాత్రం ఆగలేదు. చేనుగట్టంతా చల్లబడ్డాది అని హాయిగా చివరిదాకా సాగి ముగిసింది. వెంకటరావమ్మ నోట్లో కొంగు కుక్కుకుని ఏడ్చింది.

తిరుగు ప్రయాణంలో ఆమెను కూడా ట్రాక్టరు ఎక్కించుకున్నారు. లక్ష్మీదుర్గ వాచిన వేలు చూసుకుంటూ ముడుచుకుని కూర్చుంది. అందరూ తననే అంటారనుకుంది వెంకటరావమ్మ, గబగబా పాడిచ్చింది తనే గనక అనడానికి న్యాయం కూడా ఉంది. సుబ్బరావమ్మ మాత్రం ఆమె చెయ్యి తన ఒళ్ళోకి తీసుకుంది.

"నువ్వు మధ్యలో లేకపోతే మేం గుడ్డోళ్ళమే వదినా. ఇయ్యాల తెలిసొచ్చింది."

ఎంత సిగ్గుగా ఉన్నా సరే, ఆ మాటకు వెంకటరావమ్మ లోపల ఒక సంతోషం కదిలింది. ఆ పిల్ల వేలు వాచిపోతే నాకు సంతోషమేంది అని తనను తాను తిట్టుకుంది. తిట్టుకున్నా అది పోలేదు. ఇక తను లేనిదే జరగదని వాళ్ళకే తెలిసింది. ఏడాది నిండితే చాలు.

కాయలు అమ్ముడయ్యాయి, వానలు పడ్డాయి, మళ్ళీ పత్తి గింజలు పెట్టారు. సంవత్సరీకం పెట్టారు. బ్రాహ్మడు వెళ్ళిపోయాక ఆమె తలస్నానం చేసి, రామాలయం దాకా నడిచి, మెట్లెక్కి, దణ్ణం పెట్టుకుని వచ్చింది. ఎవరూ ఏమీ అనలేదు. ఇంటికొచ్చి అద్దంలో చూసుకుని చిన్న నవ్వు నవ్వింది. పెట్టెలోంచి బృందం చీర తీసి గంజి పెట్టి ఆరేసింది. కోలలు లక్ష్మీదుర్గ దగ్గరే ఉండిపోయాయి. దసరాకు పిలుపు వస్తుంది కదా, అప్పుడు తీసుకోవచ్చులే అనుకుంది.

పిలుపు రాలేదు. మనుషులే వచ్చారు. దసరాకు ముందు ఒక ఆదివారం పొద్దున్నే బృందం మొత్తం ఆమె వాకిట్లోకి వచ్చేసింది. చేతుల్లో కోలలు. వెంకటరావమ్మ ముఖం చేటంతయింది. లోపలికి పరిగెత్తి మంచం తెచ్చి వాల్చి, "చీర మార్చుకొస్తా, ఒక్క నిమిషం" అంది.

"చీరెందుకు వదినా" అంది సుబ్బరావమ్మ. ఆమె వెనక నిలబడ్డ లక్ష్మీదుర్గ చేతిలో ఫోను ఉంది.

ఫోను చూసి వెంకటరావమ్మ అక్కడే ఆగిపోయింది.

సుబ్బరావమ్మ ఆమెను పక్కకు తీసుకెళ్ళి వసారా స్తంభం దగ్గర నిలబెట్టింది. "అమ్మవారి దగ్గర ఆడాల వదినా ఈసారి. తొమ్మిది రోజులూ మనమే. బ్యానర్ మీద ఏమని ఉంది? ముత్తైదువుల కోలాట బృందం అనేగా. ఆ పేరు పెట్టింది నువ్వే గదా."

నిజమే. పెట్టింది తనే. బృందం మొదలుపెట్టిన రోజు పేరేమి పెడదామని అందరూ తలగోక్కుంటుంటే, ముత్తైదువులు అని పెడితే నిండుగా ఉంటుందని చెప్పింది తనే. యలమందయ్య బతికుండగా ఆ మాటలో తప్పేమీ కనపడలేదు.

"ఏడాది కానీ అన్నావు" అంది వెంకటరావమ్మ.

"అన్నా. అప్పుడు నిజంగానే అనుకుని అన్నా. ఇద్దరు ముగ్గురు ఒప్పుకోవట్లా. ఎవరని అడగబాక, చెప్పలేను. వాళ్ళు మానుకుంటే బృందమే ఉండదు. నా చేతుల్లో ఏముంది చెప్పు?"

"నా గొంతుకు లేని అడ్డం నాకెందుకొచ్చింది వదినా? ఆ గొంతు నాది కాదా?"

సుబ్బరావమ్మ కళ్ళు తుడుచుకుంది. తప్పించుకోవడానికి కాదు, ఉన్నమాటే చెప్పింది. "గొంతు కనపడదు గదా వదినా."

వెంకటరావమ్మకు అరికాలి మంట నెత్తికెక్కింది. పొమ్మందామనుకుంది. పాటా లేదు, ఏమీ లేదు, నా కోలలు నాకిచ్చి పొండి అందామనుకుంది. వాకిట్లో చూస్తే అందరూ తలలు వంచుకుని నిలబడి ఉన్నారు. అందులో ఒప్పుకోనివాళ్ళు ఎవరో ముఖాలు చూస్తే తెలియడం లేదు. అందరూ ఆమె తిట్లు తిన్నవాళ్ళే, ఆమె పక్కన కూర్చుని కాయలు కోసినవాళ్ళే. పొమ్మంటే వెళ్ళిపోతారు. ఇంకేదో పాట పెట్టుకుంటారు. తన పాట కూడా ఆ వరసల్లో లేకుండా పోతుంది. ఆ ఆలోచనకు కోపం చప్పున చల్లారిపోయింది.

"ఏం చెయ్యాల?" అంది.

లక్ష్మీదుర్గ ముందుకొచ్చింది. "ఈసారి మేం ఇక్కడే ఆడతాం పెద్దమ్మా. నువ్వు మధ్యలో నిలబడి, ఎప్పట్లాగే మా కాళ్ళు చూస్తా పాడు. అట్టా అయితే పాట మా అడుగులకు అచ్చంగా సరిపోద్ది. తిరునాళ్ళలో మాదిరి కాదు" అంది. నల్లకోలలు తను పట్టుకునే ఉంది. ఆ పిల్లకు ఇప్పుడు పట్టు బాగానే కుదిరింది.

ఫోనును కిటికీ మీద నిలబెట్టారు. రెండు వరసలూ కట్టారు. వెంకటరావమ్మ చెప్పులు విడిచి మధ్యలోకి నడిచింది. ఎన్నాళ్ళయింది అక్కడ నిలబడి. నాలుగు వైపులా తనవాళ్ళే, అందరి కళ్ళూ తన మీదే. చేతుల్లో కోలలు లేవు గనక అరచేతులు తట్టింది.

పాట ఎత్తుకుంటుండగా ఆమెకు ఒక దుర్బుద్ధి పుట్టింది. ఎక్కడో ఒకచోట తొందరపడితే సరి. రెండో చరణంలో ఒక్క దరువు ముందుకు జరిపితే చాలు, ఈ రికార్డు కూడా పనికిరాకుండా పోతుంది. అమ్మవారి ముందు వరసలు చెదిరిపోతాయి. అప్పుడు మళ్ళీ నువ్వు లేకపోతే గుడ్డోళ్ళమే అంటూ వస్తారు. ఎన్నిసార్లు చెడగొడితే అన్నిసార్లు వస్తారు. ఎప్పటికో విసిగిపోయి తననే రమ్మంటారు. ఎవరికీ తెలియదు. గొంతు కనపడదు గదా.

నిజంగానే చేసేద్దామనుకుంది. మొదటి చరణం అంతా ఆ పట్టుదలతోనే పాడింది. రెండో చరణం వచ్చింది. తొందరపడబోతూ అలవాటు కొద్దీ కిందికి చూసింది. లక్ష్మీదుర్గ పాదం అరడుగు వెనకుంది. ఆ పిల్ల పెదవి కొరుక్కుంటూ అందుకోవాలని తంటాలు పడుతోంది. అంతే, పాట దానంతటదే నెమ్మదించింది. ఆమె ప్రమేయమే లేదు. ముప్పై ఏళ్ళు మిరపచేలో సాలు తప్పకుండా నడిచిన మనిషి, ఇంకొకరి అడుగు తప్పుతుంటే చూస్తూ పాడలేకపోయింది. ఆ పాదం చోటుకు వచ్చిందాకా రామయ్య అన్న మాటను సాగదీసి పట్టుకుంది. వచ్చింది. కోపు మారింది. పాట పరుగందుకుంది. కోలలన్నీ ఒక్క కోలలా మోగాయి. ఆమె కళ్ళనీళ్ళు కారుతున్నా గొంతు బెసకలేదు. జన్మలో అంత బాగా ఎప్పుడూ పాడలేదు.

పాట అయిపోగానే ఆడవాళ్ళు వచ్చి చుట్టేశారు. ఒకామె ముద్దు పెట్టుకుంది. సుబ్బరావమ్మ వెక్కి వెక్కి ఏడుస్తూ, "దిష్టి తగులుద్దే నీకు" అంది. ఒక్కసారి సరిచూసుకుందామని లక్ష్మీదుర్గ ఫోను నొక్కి మళ్ళీ మొదటినుంచి పెట్టింది. అందరూ చకచకా ఎవరి చోట్లలోకి వాళ్ళు వెళ్ళిపోయారు.

ఫోన్లోంచి గొంతు వచ్చింది. వరసలు కదిలాయి. ఆగాల్సిన చోట ఆగింది, పరుగెత్తాల్సిన చోట పరుగెత్తింది. ఏ ఒక్కరి కాలూ తడబడలేదు. వెంకటరావమ్మ మధ్యలో నిలబడి ఒక్కో పాదమే చూసుకుంటూ పోయింది. దిద్దడానికి ఒక్క తప్పు దొరకలేదు. లోపలి వరస ఇప్పుడు తామరపువ్వు ముడుచుకున్నట్టు మధ్యకు వచ్చి మళ్ళీ విచ్చుకోవాలి. కొత్త కోపు అది, ఫోన్లో చూసి నేర్చుకున్నారు, ఇందాక ఆమె పాడుతుంటే వేయలేదు. వాళ్ళంతా మధ్య దాకా వచ్చి ఆమె దగ్గర ఆగిపోయారు.

"పెద్దమ్మా, కొంచెం పక్కకు జరగవా" అంది లక్ష్మీదుర్గ ఎంతో మర్యాదగా, ఆయాసపడుతూ. "చోటు చాలట్లేదు."

వెంకటరావమ్మ జరిగింది.